అంగిట్లో కొండ

పై దవడ అచ్చును బల్ల మీద బోర్లించి ఉంచినంతసేపూ అందులో వింతేమీ కనబడలేదు. వెల్లకిలా తిప్పిన తరువాతనే కనబడింది. పళ్ళు ఒక్కటీ మిగలని చిగుళ్ళ నడుమ, అంగిటి మధ్య భాగాన, సగానికి కోసిన చిన్న నిమ్మకాయంత ఎముక బొడిపె ఒకటి లేచి ఉంది. దాని నడినెత్తిన నిలువునా ఒక గాడి. తెల్లని ప్లాస్టరులో అది దూరం నుంచి చూసిన మంచుకొండలా ఉంది.

"అబ్బో, కొండే మొలిచింది," అన్నాడు మాస్టారు, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని. "చాలామందికి ఉంటుందిలే అమ్మాయ్, కందిగింజంత. ఉన్నట్టు వాళ్ళకే తెలీదు. ఇంత ఎత్తున మాత్రం నా సర్వీసులో ఇది మూడోది. దీని మీద పళ్ళ సెట్టు కూర్చోబెట్టడమంటే ఊగే బల్ల మీద నీళ్ళ గ్లాసు పెట్టడమే."

ఆ వర్క్‌షాపులో మనుషులు ఇద్దరే. మాస్టారు అచ్చులు పోస్తాడు, చివరికి సెట్టును ఉడికించి గట్టిపరుస్తాడు. ఆ రెండు పనులకూ నడుమ, మైనంలో పళ్ళు పేర్చడం ఆమె పని. క్లినిక్కుల నుంచి వచ్చే అచ్చులకు పేర్లుండవు. వెనుక వైపు పెన్సిలుతో వేసిన నంబరు మాత్రం ఉంటుంది. దీని నంబరు రెండు వందల పన్నెండు. వెంట వచ్చిన చీటీలో డాక్టరమ్మ ఇలా రాసింది: 'పూర్తి సెట్టు. ఇదివరకు వేరేచోట రెండు సెట్లు చేయించుకున్నారు. మాట్లాడితే జారిపోతున్నాయి. నమలడం ఎలా ఉన్నా సరే, మాట స్పష్టంగా రావాలని కోరుతున్నారు. శనివారానికి తప్పనిసరిగా కావాలి.'

ఆమె చీటీని రెండుసార్లు చదివింది. పనికి అంతవరకే అవసరం. ఆ తరువాత చేసినది పని కోసం కాదు. చేతికంటిన ప్లాస్టరు పొడిని ఆప్రానుకు తుడుచుకుని, కిటికీ వెలుగు ఒక పక్క నుంచి పడేలా అచ్చును జరిపి, ఆ బొడిపెను మాత్రం ఫోనుతో బాగా దగ్గరగా ఫొటో తీసింది. మర్నాడు మంగళవారం. మంగళవారం ఆమె వంతు.

'ఇదేమిటి' అనే ఫోను బృందంలో ఆమెతో కలిపి ఆరుగురున్నారు. వారిలో ఎవరూ ఎవరినీ చూడలేదు. అసలు పేర్లు చెప్పుకోకూడదు, మారుపేర్లే వాడాలన్నది వాళ్ళు పెట్టుకున్న మొదటి నియమం. ఆదివారం తప్ప రోజుకొకరు, ఉదయం ఎనిమిదింటికి, ఏదో ఒక వస్తువును గుర్తుపట్టరానంత దగ్గరగా తీసిన ఫొటో పెడతారు. సాయంత్రం ఆరు వరకు మిగిలినవాళ్ళు ఊహించాలి. ఆరింటికి, పెట్టినవారు పూర్తి ఫొటో చూపాలి. తెలిసినవాళ్ళు తెలియనట్లు ఊరుకోకూడదన్నది రెండో నియమం. అలా ఊరుకోవడాన్ని మందుల దుకాణం నడిపే మిరపకాయ 'దొంగాట' అనేది. ఆదివారం నాలుగింటికి బొమ్మలు ఉండవు, మాటలే. అందరూ ఫోనులో ఒకేసారి కలుసుకుంటారు.

మంగళవారం తెల్లవారుతూనే ఆమె 'లేచాను' అని పెట్టింది. అందరికంటే ముందు లేచి కిచకిచలాడుతుందని వాళ్ళు ఆమెకు పిచ్చుక అని పేరు పెట్టారు. ఆ ఒక్క మాటకు మొదట జవాబిచ్చేవాడు ఎప్పుడూ తాబేలే. అక్షరం అక్షరం వెదికి నొక్కుతాడు కనుక ఆయనకా పేరు. రాసినది మాత్రం పూర్తిగా, తప్పు లేకుండా, చివరి చుక్కతో సహా ఉంటుంది.

'శుభోదయం పిచ్చుకగారూ. నిన్న మీరు అడిగినదాన్ని గురించి ఆలోచించాను. ఒకరు ఆవులిస్తే పక్కవారికి ఎందుకు వస్తుందో నాకు తెలియదు. కాని స్టేషన్లో బెంచీ ఈ చివర మొదలైన ఆవులింత ఆ చివరికి చేరడానికి ఎంతసేపు పడుతుందో తెలుసు. మైకు ముందు ఖాళీగా కూర్చున్నప్పుడు చాలాసార్లు లెక్కపెట్టాను. పదకొండు సెకన్లు.'

'నా బస్సులో నాలుగు సీట్లు దాటడానికే అర నిమిషం,' అన్నాడు స్టీరింగు. సిటీ బస్సు డ్రైవరు అతడు. 'మీ రైళ్ళవాళ్ళది ఎక్స్‌ప్రెస్ ఆవులింత. సరేగాని తాబేలుగారూ, ఆదివారం గుర్తుందిగా? ఇరవై ఏడేళ్ళు ఊరందరికీ వినిపించిన గొంతు మాకు వినిపించడానికి ఏడాదిగా ఊరిస్తున్నారు. ఫోను కలిసినప్పుడల్లా మేం వాగుతాం, మీరు టైపు కొడతారు. ఈసారి జలుబూ గిలుబూ అంటే ఒప్పుకోం.'

'ఈసారి జలుబు రాదు. మాట ఇస్తున్నాను.'

పిచ్చుక రెండు చేతులూ చరుస్తున్న బొమ్మ పంపింది. ఎనిమిది కొట్టగానే తన ఫొటో పెట్టింది.

'మంచుకొండ,' అని మొదటి ఊహ. 'ఒంటె మూపురం.' 'నున్నగా గీయించుకున్న గుండు.' 'కోడిగుడ్డుకి కుట్లు పడ్డాయి,' అని మిరపకాయ. స్టీరింగు మధ్యాహ్నం డిపోలో భోజనం చేస్తూ రాశాడు: 'నాకు తెలిసిపోయింది. తాబేలుగారి వీపు! డిప్ప మీద గాడి చూడండి, అచ్చం ఆయనదే.' దానికి అందరూ నవ్వారు. ఎక్కువగా మాట్లాడని మిగిలిన ఇద్దరు కూడా నవ్వుబొమ్మలు పంపారు. సాధారణంగా ఆలస్యంగా వచ్చి సరైన జవాబు చెప్పే తాబేలు ఆనాడు ఏ ఊహా చెప్పలేదు. ఫొటో చూసినట్లు గుర్తు మాత్రం పడింది.

ఆరింటికి ఆమె మొత్తం అచ్చును చూపింది. 'మనిషి నోరు! పళ్ళు లేని పై దవడ. అంగిట్లో కొండ!'

'ఛీ ఛీ. ఇంకా అన్నం తినాలే తల్లీ నేను,' అంది మిరపకాయ.

'ఈయన ముద్ద మింగాలంటే ఘాట్ రోడ్డు ఎక్కి దిగాలి,' అన్నాడు స్టీరింగు. 'అదీ మొదటి గేరులో.'

'ముద్దు పెట్టుకోబోయినావిడ సంగతి చెప్పవేం? తాళ్ళు కట్టుకుని ఎక్కాలి,' అంది మిరపకాయ.

నవ్వుబొమ్మలు వరుసలు కట్టాయి. ఆమె పెట్టిన ఫొటోకు ఇంత సందడి ఎన్నడూ జరగలేదు. మైనం ముద్దలూ సాన రాళ్ళూ పెట్టిన వారాల్లో రెండు ఊహలతో సరిపెట్టి వాళ్ళు మరో మాటలోకి వెళ్ళిపోయేవారు. ఆ కారణం చేతనే, సందడి ఇంకొంచెం సాగితే బాగుండుననిపించింది. అలా అనిపించడం చేతనే, చీటీలో ఉన్నది బయటపెట్టింది.

'అసలు సంగతి వినండి. ఈ పెద్దమనిషి ఇప్పటికే రెండు సెట్లు కట్టించుకున్నాడట. నోరు తెరిచి రెండు మాటలంటే చాలు, పళ్ళు ఊడి ఒళ్ళో పడతాయట. అయినా ఆశ చూడండి. నమలడానికి కాదు, మాట్లాడడానికే కావాలట! ఈయన పలుకుల కోసం ఎవరు చెవులు కోసుకుంటున్నారో!'

'నోటి ముత్యాలు రాలడమంటే ఇదేనమ్మా,' అన్నాడు స్టీరింగు.

ఆరూ నలభైకి తాబేలు రాశాడు: 'ఈ ఫొటో ఇక్కడ పెట్టినట్లు ఆయనకు తెలుసా?'

'ఆయనకెలా తెలుస్తుందండీ? ఎవరో నాకే తెలీదు. నంబరు తప్ప పేరుండదు.'

'అవును. పేరుండదు'

చివర చుక్క లేదు. ఆమె దాన్ని గమనించింది కాని, పట్టించుకోవడానికి తీరిక లేకపోయింది. స్టీరింగు ఘాట్ రోడ్డు మలుపుల గురించి మరొకటి రాశాడు.

*

గురువారం పదకొండింటికి డాక్టరమ్మ ఫోను చేసింది. "రెండు వందల పన్నెండు మైనం సెట్టు నోట్లో పెట్టి చూడాలి. పలుకు మీద పట్టింపు ఉన్న మనిషి. అక్కడికక్కడే సర్దడానికి నువ్వుంటే మంచిది. మాస్టారుకి చెప్పి రా."

మైనం కత్తి, స్పిరిట్ దీపం, అచ్చులు గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టుకుని ఆమె వెళ్ళింది. క్లినిక్కులో కుర్చీ ఉన్న గదికీ వెనుక గదికీ మధ్య సగం వరకు అద్దాలున్న తలుపు ఒకటే అడ్డం. ఆమె వెనుక గదిలో దీపం వెలిగించి, మాస్కు కట్టుకుని నిలబడింది. అద్దంలోంచి రోగి వీపు కనబడుతూ ఉంది: ఇస్త్రీ మడత చెదరని చొక్కా, దువ్విన నెరిసిన జుట్టు, నాలుగు మడతలు వేసి పెదవులకు అడ్డం పెట్టుకున్న చేతిరుమాలు.

"రుమాలు తియ్యండి. నా దగ్గర సిగ్గేమిటి?" అంటూ డాక్టరమ్మ సెట్టు నోట్లో అమర్చింది. "ఇప్పుడు ఏదైనా మాట్లాడండి. సకారాలు ఎక్కువుండాలి. వారాల పేర్లు చెప్పండి."

"సోమవారం," అన్నాడాయన. అని, ఆగి, "నాకు అలవాటైన మాటలు కొన్ని ఉన్నాయి. అవి చెప్పనా?"

"మీ ఇష్టం."

ఆయన నడుము నిటారుగా చేసుకున్నాడు. ఎదురుగా లేని మైకు కోసం మెడను కొద్దిగా ముందుకు వంచాడు.

"ప్రయాణికుల దృష్టికి. రెండవ నంబరు ప్లాట్‌ఫారం మీద ఉన్న బండి మరి కొద్ది నిమిషాల్లో బయలుదేరుతుంది. దయచేసి సామాన్లు సరిచూసుకోండి."

పెద్దగా అనలేదు. అయినా ముందు గదిలో చీట్లు రాసే అమ్మాయి రాయడం మానేసి తలెత్తింది. గొంతులో తొందర లేదు, బతిమాలడం లేదు. విన్నవాడు తన సామాను వైపు ఒకసారి చూసుకోక తప్పని గొంతు అది. 'సామాన్లు సరిచూసుకోండి' అన్నప్పుడు మాత్రం సకారాల దగ్గర సన్నని ఈల వచ్చింది. ముందు పళ్ళు రెండూ వెంట్రుకవాసి వెనక్కి జరగాలని ఆమె వేళ్ళు లెక్క కట్టాయి. ఆ లెక్క పూర్తయిన తరువాత గాని ఆమె మనసు అవతలి లెక్కకు రాలేదు. ఇరవై ఏడేళ్ళు మైకు ముందు కూర్చున్న మనిషి. శనివారానికి కావాలన్న పళ్ళు. ఆదివారం ఇచ్చిన మాట.

"అమ్మాయ్, రా," అని పిలిచింది డాక్టరమ్మ. "ఈవిడేనండీ మీ పళ్ళు పేర్చింది."

ఆయన తల తిప్పి చూశాడు. మాస్కు పైన కళ్ళు తప్ప ఆమెలో చూడడానికి మరేమీ లేదు.

"ఆ వర్క్‌షాపులో ఉండేది ఇద్దరే అని విన్నాను. మాస్టారు, మరొకరు. ఆ మరొకరు మీరన్నమాట."

"మీకెవరు చెప్పారండీ?" అంది డాక్టరమ్మ, చేతి తొడుగులు లాగుతూ.

"స్నేహితులు ఒకరు."

ముందు గదిలో ఫోను మోగితే డాక్టరమ్మ వెళ్ళింది. ఆమె సెట్టు అందుకుని, కత్తి మొనను దీపం మీద కాచి, ముందు పంటి మొదట్లో మైనాన్ని కరిగించి, బొటనవేలితో వెనక్కి నొక్కింది. పన్నెండేళ్ళ పని వల్ల చెయ్యి ఆమె భయాన్ని పట్టించుకోవడం ఎప్పుడో మానేసింది. ఆయన మళ్ళీ రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. పళ్ళు లేని నోటితో, రుమాలు వెనక నుంచి, అక్షరాలు పోగుచేసుకుంటూ అడిగాడు.

"ఆ అచ్చు ఒకసారి చూడవచ్చా? నా అంగిలి నేనెప్పుడూ చూసుకోలేదు. కావాలంటే ఫోనుతో ఒక ఫొటో తీసుకుంటాను."

ఆమెకు రెండు దారులున్నాయి. మాస్కు దించి, నేనే పిచ్చుకనండీ అనడం ఒకటి. రెండోది నోటికి ముందుగా వచ్చింది.

"అచ్చుల్ని ఫొటో తీయనివ్వమండి. రోగుల వివరాలు బయటికి పోకూడదని రూలు."

అన్న తరువాత గుర్తొచ్చింది. ఏడాదిగా ప్రతి ఆదివారం ఆయన మాట్లాడలేదు గాని, విన్నాడు. ఆమె గొంతు ఆయనకు బాగా తెలుసు.

ఆయన రుమాలు మడత విప్పి, మళ్ళీ అదే మడతలో వేసుకున్నాడు.

"మంచి రూలు," అన్నాడు.

సాయంత్రం బస్సులో నిలబడే ఆమె ఫోనులో పాత మాటలన్నీ వెనక్కి తిప్పింది. నాలుగు నెలల కిందట ఒక ఉదయం తాబేలు అడిగిన ప్రశ్న దొరికింది: 'అంగిలి ఎగుడుదిగుడుగా ఉన్నవారికి పళ్ళ సెట్టు నిలుస్తుందా? తెలిసినవారు ఒకరు అడుగుతున్నారు.' దాని కింద తన జవాబు: 'మా మాస్టారు పోస్తే, నేను పేరిస్తే రాయికైనా పళ్ళు నిలుస్తాయండీ! మేం ఇద్దరమే, కాని పనిమంతులం. పోస్టాఫీసు ఎదురు డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళమనండి. ఆవిడ పనులన్నీ మాకే పంపుతుంది. ధైర్యంగా రమ్మనండి!'

ధైర్యంగా అన్న మాటకు ఆయన ఒక నమస్కారం బొమ్మ పెట్టి ఉన్నాడు.

*

శుక్రవారం తాబేలు వంతు. ఎనిమిదింటికి సరిగ్గా ఫొటో వచ్చింది: గులాబీ రంగు నున్నని నేల, అందులో ఎవరో మొరటుగా గోకి తవ్విన గుంట. గుంట అంచుల్లో సన్నని గీతలు.

'చెప్పు మడమ అరిగిపోయింది,' అన్నాడు స్టీరింగు. 'మా డిపో గోడ,' అని మళ్ళీ తనే. 'లోపల ఎలక కాపురం ఉంది.' మిరపకాయ, 'ఎవరో ఆకలి మీద రబ్బరు నమిలారు' అంది.

పిచ్చుక పొయ్యి దగ్గర నిలబడి ఆ ఫొటో చూస్తూ ఉంటే, పక్కనే చీపురు పట్టుకున్న ఆడపడుచు భుజం మీదుగా తొంగి చూసింది.

"పళ్ళ సెట్టు లోపలి వైపు కదూ వదినా అది? నాన్న కూడా ఇలాగే ఆకురాయి పెట్టి గోకుతూ కూర్చునేవాడు, గుచ్చుకుంటోందని. నువ్వు రోజూ చేసేదేగా, చెప్పెయ్. గెలుస్తావు."

"కాదులే."

"ఏమిటి కాదు? బడికెళ్ళని నాకే తెలిసింది."

"కాదన్నానా!"

ఆడపడుచు ఆమె ముఖం వైపు ఒకసారి చూసి, చీపురుతో తన పని తాను చేసుకుపోయింది.

ఆ పగలంతా ఆమె రెండు వందల పన్నెండు మీదే కూర్చుంది. ఉడికించే ముందు, కొండ మీద పల్చని తగరపు రేకు పరిచి, దాని అంచులను అగ్గిపుల్ల మొనతో ఒత్తింది. రేకు మందాన ఖాళీ మిగిలితే ఆ ఎముక సెట్టుకు తగలదు, తగలకపోతే సెట్టు ఊగదు. మామూలుగా ఒక రేకు వేస్తారు. ఆమె మూడు సార్లు వేసి, మూడు సార్లు తీసి, నాలుగోసారి తృప్తి పడింది. ఆమె ఆలోచన ఇది: పళ్ళు బాగా కుదిరితే ఆయన సంతోషిస్తాడు, సంతోషించినవాడు మంగళవారాన్ని మరిచిపోతాడు, మరిచిపోయినదానికి ఎవరూ క్షమాపణ చెప్పనక్కరలేదు. అన్ని మెట్లూ సరిగానే ఉన్నట్లు తోచింది.

ఆరింటికి తాబేలు పూర్తి ఫొటో పెట్టలేదు. ఇలా రాశాడు: 'దీని జవాబు పిచ్చుకగారికి తెలుసు. నేను చెప్పడం కన్నా ఆవిడ చెబితే బాగుంటుంది.'

ఆమె 'క్షమించండి' అని కొట్టి, చెరిపింది. 'ఇది పళ్ళ సెట్టు. మొన్న నేను' అని కొట్టి, చెరిపింది. ఆమె రాస్తున్నట్లు అందరి ఫోనుల్లోనూ కనబడుతూనే ఉంది.

'ఏమ్మా, నవల రాస్తున్నావా?' అన్నాడు స్టీరింగు. 'బస్సు కదలాలి, తొందరగా తెముల్చు.'

'తెలిసి చెప్పకపోతే దొంగాట!' అని మిరపకాయ.

మొన్న నవ్విన నలుగురూ అక్కడే ఉన్నారు. నవ్వించినది తాను. చెబితే ఆ నలుగురూ తమ తమ నవ్వులు తుడిచేసుకుని ఆమె ఒక్కదాని వైపే చూస్తారు. అది ఆమెకు మైనంలో పన్ను వంకరంత స్పష్టంగా కనబడింది.

'సబ్బుపెట్టె మూత,' అని పంపింది.

నాలుగు నిమిషాలకు జవాబు వచ్చింది. 'అలాగే అనుకుందాం.'

శనివారం మధ్యాహ్నం డాక్టరమ్మ ఫోను చేసి మెచ్చుకుంది. "అతుక్కుపోయాయి అమ్మాయ్! దగ్గించాను, నవ్వించబోయాను, ఇంత కూడా కదల్లేదు. మాస్టారుకి చెప్పు."

"ఆయనేమన్నారండీ?"

"ఏమంటాడు, థాంక్స్ అన్నాడు. వింత మనిషి. అంత బాగా కుదిరినవాటిని తీసి, రుమాల్లో చుట్టి, జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు."

*

ఆదివారం నాలుగింటికి ఆరుగురూ కలిశారు. స్టీరింగు ఇంట్లో పిల్లలెవరో అరుస్తున్నారు. మిరపకాయ దుకాణం షట్టరు సగానికి దించిన చప్పుడు వినబడింది. కాసేపు వానల గురించి, ఫోను బ్యాటరీల గురించి, పిల్లి నీళ్ళంటే ఎందుకు బెదురుతుందన్న దాన్ని గురించి మాట్లాడుకున్నారు. పిచ్చుక గదిలో తలుపు వేసుకుని, మంచం అంచున కూర్చుని ఉంది. ఆయన వస్తాడో రాడో అన్న భయం తీరింది, వచ్చాడు. వచ్చాడన్న భయం మిగిలింది.

"ఇక ఆగలేం," అన్నాడు స్టీరింగు. "తాబేలుగారూ, పచ్చజెండా ఊపేశాను. కానివ్వండి."

మొదట ఊపిరి వినబడింది. తరువాత మాట. ప్రయాణికులన్న మాట ఎలాగో బయటపడింది. దృష్టి అన్న మాటలో దకారం గాలిగా జారిపోయింది. బండి నిలిచింది గాని, నిమిషాలు నలిగిపోయాయి. సామాన్లలోని సకారం ఈలై, నాలుక పెదవులకు కొట్టుకున్న తడి చప్పుడుతో కలిసి ముగిసింది. గురువారం ముందు గదిలోని అమ్మాయి చేత కలం ఆపించిన వాక్యమే అది.

అప్పుడు స్టీరింగు ఇంట్లో పిల్ల కిసుక్కుమంది. ఆ నవ్వు బెంచీ చివరి నుంచి ఆవులింత పాకినట్లు పాకింది.

"తాబేలుగారూ," అన్నాడు స్టీరింగు, నవ్వును మింగలేక, "ఏమీ అనుకోకండి. నోట్లో ఏం పెట్టుకున్నారండీ? అది తీసేసి మాట్లాడండి!"

"కొండ," అన్నాడాయన.

ఆ మాట పలకడానికి పళ్ళతో పని లేదు. స్పష్టంగా వచ్చింది.

మిరపకాయకు మొదట అర్థమైంది. "అయ్యో... మంగళవారం నాటిది... అది మీదాండీ?"

"నాదే."

పిల్ల ఇంకా నవ్వుతూంటే స్టీరింగు కసిరాడు. తరువాత అతని గొంతు తగ్గింది. తగ్గిన గొంతుకు వెంటనే ఒక దారి దొరికింది.

"పిచ్చుకమ్మా! ఏమిటిది? మేమంటే తెలీక ఏదో వాగాం. నీకు తెలిసే పెట్టావా?"

"అవునే, నువ్వు కదా మొదలెట్టింది," అంది మిరపకాయ. "ఆ పళ్ళు ఒళ్ళో పడే ముచ్చట కూడా నువ్వే చెప్పావు."

"నాకెలా తెలుస్తుంది అన్నా?" అంది ఆమె. "నంబరు తప్ప పేరుండదు. ఇప్పుడు మీతోపాటే తెలిసింది నాకు కూడా."

అందులో మొదటి మాట నిజం. రెండోది కూడా నిజం. మూడోది కాదు, అది కాదని ఆ ఆరుగురిలో తెలిసినవాడు ఒక్కడే. ఆయన ఒక్క మాటతో, గురువారం అన్న ఒక్క మాటతో, అంతా తేల్చేయగలడు. ఆమె ఫోనును చెవికి మరింత నొక్కుకుంది. ఆయన ఊపిరి వినబడుతూ ఉంది.

"అవును. ఆవిడకు తెలియదు," అన్నాడాయన, బోసినోటితో, అక్షరం తరువాత అక్షరం పోగుచేసుకుని. "పేరుండదు."

తరువాత 'టక్' మని చిన్న చప్పుడయింది. అదేమిటో ఆమె ఒక్కదానికే తెలిసింది. సెట్టు అంగిటికి అంటుకున్న చప్పుడు. రేకు మందాన వదిలిన ఖాళీతో, కొండకు ఎక్కడా తగలకుండా.

"ప్రయాణికుల దృష్టికి."

స్టీరింగు ఇంట్లో పిల్లల అరుపులు ఆగిపోయాయి.

"ఒకటవ నంబరు ప్లాట్‌ఫారం మీద ఉన్న బండి మరి రెండు నిమిషాల్లో బయలుదేరుతుంది. సాగనంపడానికి వచ్చినవారు దయచేసి దిగిపోవలసిందిగా కోరుతున్నాము."

ఒక్క సకారంలోనూ ఈల లేదు. స్టీరింగు చప్పట్లు కొట్టాడు, అతని వెనక పిల్లలు కొట్టారు. మిరపకాయ "అబ్బ, ఏం గొంతండీ!" అని అరిచింది. చప్పట్లు ఆగేసరికి ఫోనులో ఐదుగురే ఉన్నారు.

"లైను కట్టయినట్టుంది," అన్నాడు స్టీరింగు.

"మళ్ళీ వస్తార్లే. పెద్ద మనసు, ఏమీ అనుకోలేదు చూడు," అంది మిరపకాయ. "పిచ్చుకా, చివర్లో పెట్టుకున్న పళ్ళు నువ్వు కట్టినవేనా? ఎంత బాగా పలికాయే! మాకెవరికైనా ఊడితే నీ దగ్గరికే వస్తాం."

"థాంక్స్ అక్కా," అంది ఆమె.

*

సోమవారం తెల్లవారి 'లేచాను' అని పెట్టింది. ఏడింటి వరకు జవాబు లేదు. ఏడింటికి స్టీరింగు వేలు పైకెత్తిన బొమ్మ పంపాడు. బృందంలోని పేర్లు చూసుకుంటే ఐదే ఉన్నాయి. దాన్ని గురించి ఎవరూ ప్రస్తావించలేదు. అడిగితే ఎందుకు వెళ్ళిపోయాడో అన్న మాట వస్తుంది. ఆ మాట వస్తే ఎవరెవరు ఏమేమి అన్నారో పైకి జరిపి చూసుకోవలసి వస్తుంది. కనుక వాళ్ళు తాళంచెవి ఎప్పుడూ ఆఖరి జేబులోనే ఎందుకు దొరుకుతుందన్న దాన్ని గురించి మాట్లాడుకున్నారు. వర్క్‌షాపులో మాస్టారు, పని పూర్తయిన అచ్చులను ఎప్పటిలాగే సుత్తితో పగలగొట్టి తొట్టిలో వేశాడు. వాటిలో రెండు వందల పన్నెండు ఉంది.

శుక్రవారం ఎనిమిదికి పది నిమిషాలుండగా స్టీరింగు గుర్తుచేశాడు. 'ఇవాళ్టి వంతు ఖాళీ. ఎవరు పెడతారు?'

'పిచ్చుకా, నువ్వే పెట్టు,' అని మిరపకాయ రాసింది. 'మొన్నటిలాంటిది ఏదైనా ఉంటే పెట్టవే. ఎంత నవ్వామో!'

ఒకరి తరువాత ఒకరు నలుగురూ వేళ్ళు పైకెత్తారు.

ఆ రోజు ముందుగానే వర్క్‌షాపుకు వచ్చి, ఆమె బల్ల ముందు నిలబడి ఉంది. ముందురోజు సాయంత్రం వచ్చిన పెట్టె ఇంకా విప్పలేదు. విప్పింది. అందులో ఒక కింది దవడ అచ్చు. మిగిలిన రెండే రెండు పళ్ళు, తలలు ఆనించుకుని ఏదో చెప్పుకుంటున్నట్లు ఒకదాని మీదికొకటి వాలి ఉన్నాయి. వెంట వచ్చిన చీటీని ఆమె చదవలేదు. మడిచి సొరుగులో పెట్టి, సొరుగు మూసింది. ఫోను అద్దాన్ని ఆప్రాను కొసతో తుడిచింది. అచ్చును కిటికీ వెలుగులోకి జరిపి, నంబరు కనబడకుండా అటు తిప్పింది.